ముందు పెరుగు, తర్వాతే పప్పు

మా తాత పోయాడు. నా మనవరాలి బారసాల నాడు, మధ్యాహ్నం బంతిలో, విస్తరి ముందు కూర్చునే పోయాడు. పప్పు అయింది, కూరలు అయ్యాయి, పులుసు అయింది. పెరుగు వడ్డించే లోపల పోయాడు. ఈ ఆఖరి మాట మీకు అంత పెద్దదిగా అనిపించకపోవచ్చు. నా గుండెలో ముల్లులా దిగింది మాత్రం అదే. అది ఎందుకు ముల్లయిందో చెప్పాలనే ఈ కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను.

తాత అంటున్నాను గానీ ఆయన నాకు కన్నతండ్రి. నా కూతురు పుట్టిన రోజున "నేటినుంచి నాను తాతని" అని వీధంతా చెప్పుకుని వచ్చాడు. ఆ పిల్లకి మాటలొచ్చేసరికి ఆయన్ని నాన్న అని పిలిచేవాళ్లే లేకుండా పోయారు. నేనూ తాతా అనే పిలిచాను. ఇక్కడ ఖరగ్‌పూర్‌లో మా వీధి బెంగాలీ వాళ్లు దాదూ అనేవారు. తొంభై ఒక్కేళ్ల మనిషి. పరామర్శకి వచ్చినవాళ్లందరూ "నిండు వయసే కదా" అన్నారు. నిండు వయసే, కాదనను. కానీ పొద్దున్నే తన గడ్డం తనే గీసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, ముని మనవరాలి ఉయ్యాల తాడు గట్టిగా ఉందో లేదో రెండుసార్లు లాగి చూసిన మనిషి, నేను పెరుగు కుండ తెచ్చేలోపల లేకుండా పోతాడా? ఇన్నాళ్లైనా నా బుర్రకి ఎక్కడం లేదు.

బారసాలకి పిలవడానికి ఏ వరసలో ఫోన్లు చేశానో, ఆ మధ్యాహ్నం అదే వరసలో మళ్లీ చేశాను. ఊరవతల సాలువాలో ఉండే మా మేనల్లుడు నన్ను నోరు తెరవనివ్వలేదు.

"వొచ్చేస్తన్నాం మావా, టోటో బండెక్కేసినాం. రెండో బంతికి అందుకుంటాం."

"ఒరే, తాత…"

"తాతకి ముందు పెరుగెట్టీసినారా లేదా? ఎట్టకపోతే అలుగుతాడు!" అని పకపకా నవ్వాడు.

ఫోను చెవికి ఆనించుకుని అలాగే నిలబడ్డాను. ఆ నవ్వు ఆగాకే చెప్పాను.

వాడు ఎందుకలా అన్నాడో చెప్తాను. మీలో చాలామందికి ఖరగ్‌పూర్ అంటే పొడుగాటి ప్లాట్‌ఫారం. ఇక్కడ పుట్టి పెరిగిన మాకు ఖరగ్‌పూర్ అంటే రైల్వే వర్క్‌షాపు సైరను. సైరను ఆగకుండా ఒకే ఊపున మోగిందంటే షిఫ్టు. ఆడవాళ్లు అన్నం వార్చడానికి, మగవాళ్లు సైకిలు తీయడానికి అదే గడియారం. మోగి ఆగి, మళ్లీ మోగి ఆగిందంటే మాత్రం ఎక్కడో బండి పట్టాలు తప్పిందని అర్థం. అప్పుడు బ్రేక్‌డౌన్ గ్యాంగు వాళ్లు ఎక్కడున్నా, ఏం చేస్తున్నా పరుగెత్తాలి. పడిపోయిన పెట్టెల్ని జాకీలతో, క్రేనుతో ఎత్తి మళ్లీ పట్టాల మీద నిలబెట్టే గ్యాంగు అది. అరగంటలో రిలీఫ్ బండి కదిలిపోయేది. మా తాత ఆ గ్యాంగులో ఖలాసీగా చేరి, అందులోనే మేస్త్రీ అయి, అందులోనే రిటైరయ్యాడు. లేసులు కట్టే టైముండదని లేసుల్లేని బూట్లు వేసుకునేవాడు. గుమ్మం పక్కన ఆ బూట్లు ఎప్పుడూ మొహం వీధివైపు పెట్టుకుని ఉండేవి.

ఆయన ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఒక మధ్యాహ్నం అన్నం తింటూ ఉండగా సైరను మోగిందట. పప్పన్నం అయింది, పెరుగు ఇంకా కాలేదు. చెయ్యి కడిగేసి పరుగెత్తాడు. మా నాయనమ్మ పెరుగు గిన్నె పట్టుకుని వీధి కొళాయి దాకా వెనకాల పరుగెత్తింది. అందలేదు. పెరుగు ముట్టకుండా లేచిన మనిషి అన్నం తిన్నట్టే కాదని ఆవిడ నమ్మకం. తాత రెండు రోజులకి గానీ తిరిగి రాలేదు. వచ్చేసరికి నాయనమ్మ చాప మీద పడుకుని ఉంది, పక్కన అదే గిన్నె, పెరుగు పులిసిపోయి. ఆ రెండు రోజులూ ఆవిడా ముద్ద ముట్టలేదు.

"నా కొడుకు ఆకలితో ఉంతే నాకు ముద్దెలా దిగుద్దిరా?" అందట.

తాత ఆవిడతో వాదించలేదు. తర్వాతి భోజనానికి కూర్చోగానే, "అమ్మా, ముందు పెరుగెట్టు. ఆ తరవాత సైరనొస్తే రానీ" అన్నాడు.

అదీ సంగతి. ఆ పూట నుంచి మా తాత భోజనం తలకిందులు. ముందు పెరుగన్నం, తర్వాత పులుసు, కూర, అన్నిటికన్నా ఆఖర్న పప్పు. మొదటి మూడు ముద్దలూ మాట్లాడకుండా తినేవాడు. మూడో ముద్ద దిగాక భుజాలు వదులయ్యేవి. "ఇప్పుడు సెప్పండి, ఏటి కబుర్లు" అనేవాడు. నాయనమ్మ పోయింది. ఆయన రిటైరై ముప్ఫై ఏళ్లు దాటింది. ఏ సైరనూ ఆయన్ని పిలవదు. అయినా ఆ వరస మారలేదు. "రిటైరయ్యావు కదా తాతా" అంటే, "నాను రిటైరయ్యాను. బళ్లు అయినాయేటి?" అనేవాడు.

నా పెళ్లిలో ఈ పెరుగు వల్ల పెళ్లి చెడిపోబోయింది! ఇది మీకు చెప్పి తీరాలి. పెళ్లి బొబ్బిలి దగ్గర మా అత్తవారి ఊళ్లో జరిగింది. మగపెళ్లివారి బంతిలో మొదట తాత కూర్చున్నాడు. వడ్డన మొదలవుతూనే, "బాబూ, పెరుగు పట్రా" అన్నాడు. వడ్డించే కుర్రాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఇంకా పప్పే ఎయ్యలేదు కదరా!"

"అలిగినాడ్రా. వంటలు ముట్టకుండా పెరుగు ముద్ద తినీసి లెగిసిపోతన్నాడు!"

ఒక్క నిమిషంలో ఊరంతా పాకింది. వాద్యాలు ఆగిపోయాయి. మా మామగారు పైపంచ చేత్తో పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు.

"బావగారూ, ఏటి లోటు జరిగింది? నా తప్పుంతే సెప్పండి, సరిదిద్దుకుంతాను."

తాత నోటినిండా పెరుగన్నం. మూడో ముద్ద అయ్యేదాకా మాట్లాడడు కదా! మింగి, మంచినీళ్లు తాగి, "లోటేటి బావా, పెరుగు గడ్డలా ఉంది, బావుంది" అన్నాడు. ఆయన వేళాకోళమాడుతున్నాడని మామగారు ఇంకా బెదిరిపోయాడు. చివరికి ఆడవాళ్ల వైపు నుంచి మా అమ్మ అరిచింది.

"అలక కాదన్నయ్యా, అలవాటు! సైరనొస్తాదని!"

"ఇక్కడ సైరనెక్కడుందమ్మా? మా ఊళ్లోకి బస్సే రాదు!"

బంతిబంతంతా నవ్వింది. మామగారు కూడా నవ్వి, కళ్లు తుడుచుకుని, తాత పక్కనే చతికిలబడి, "అయితే నాకూ ముందు పెరుగే ఎయ్యండ్రా. ఈయన ఒక్కడే తింతే మనకి పరువు తక్కువ" అన్నాడు. అలా నా పెళ్లి భోజనం వెనక నుంచి ముందుకి నడిచింది.

నేను పెద్దగా చదువుకోలేదు. ఎనిమిదో క్లాసు రెండుసార్లు తప్పాను. రెండోసారి తప్పిన రోజున మా అమ్మ నన్ను తిట్టని తిట్టు లేదు. తాత డ్యూటీ నుంచి వచ్చి, బూట్లు వీధివైపు తిప్పి పెట్టి, ఆ తిట్లన్నీ విన్నాడు.

"పట్టాలు దిగిపోయిన పెట్టెని తిట్టకే. తిడితే ఎక్కుతాదేటి? ముందు దాని కింద దిమ్మెట్టాలి" అన్నాడు.

మర్నాడు అరచేతంత ఇనపముక్క ఒకటీ, ఆకురాయి ఒకటీ తెచ్చి నా ముందు పెట్టాడు. నాలుగు పక్కలా సమానంగా అరగదీయమన్నాడు. నెల రోజులు అరగదీశాను. రోజూ సాయంత్రం దాన్ని గడప మీద నిలబెట్టి, కింద నుంచి వెలుతురు వస్తోందా అని ఒక కన్ను మూసి చూసేవాడు. "రేపు మల్లీ" అనేవాడు. ఒక సాయంత్రం వెలుతురు రాలేదు. ఏమీ అనలేదు, నా వీపు మీద ఒక్క చరుపు చరిచాడు. ఆ ఇనపముక్కే నా కింద ఆయన పెట్టిన దిమ్మె. ఖలాసీగా చేరి, ఫిట్టరుగా రిటైరయ్యాను. నా కూతుర్ని చదివించాను. ఇవాళ మీకు నాలుగు మాటలు రాసే ధైర్యం కూడా అందులోంచి వచ్చిందే.

ఇక నా కూతురి సంగతి. పెళ్లయి పదమూడేళ్లు పిల్లల్లేరు. అల్లుడు ఊరి ఆ చివర హిజ్లీలో, కాలేజీ హాస్టల్లో గుమస్తా, బంగారం లాంటి మనిషి. వాళ్లిద్దరికీ లేని బాధ చుట్టాలకి ఉండేది. ఒకసారి ఒక పేరంటంలో మా పెద్దమ్మ వరస ఆవిడ అందరి ముందూ నా కూతుర్ని, "ఏటమ్మా, ఇంకా ఏటీ లేదా?" అని అడిగింది. నా కూతురు తల వంచుకుంది. తాత మూల నుంచి, "ఎందుకు లేదు? ఆకలుంది. నాకు పెరుగెట్టండి" అన్నాడు. ఆ నవ్వులో ఆ ప్రశ్న కొట్టుకుపోయింది.

ప్రతి ఆదివారం గిన్నెడు పెరుగు పట్టుకుని టోటో ఎక్కి హిజ్లీ వెళ్లి మనవరాలికి ఇచ్చి వచ్చేవాడు. ఇంట్లో తోడేసిన పెరుగు, బజారుది కాదు. ఏం మాట్లాడతాడని ఒకసారి నా కూతుర్ని అడిగాను.

"అందరూ ఏదో ఒకటి అడుగుతారు నాన్నా. తాత మాత్రం పాత గిన్నె కడిగినావేటే, ఇచ్చీ అంటాడు. అంతే" అంది. అని, కాసేపటికి మళ్లీ, "ఆ గిన్నె కోసమే ఆదివారం దాకా ఉంటాను నాన్నా" అంది. 

పదమూడేళ్ల తర్వాత పాప పుట్టింది. ఆనందం అంటే ఏమిటో అరవై ఏడేళ్లకి నాకు తెలిసింది! ఆసుపత్రి వరండాలో ఎవరు కనబడితే వాళ్ల నోట్లో రసగుల్లా పెట్టాను. పెట్టాక, వాళ్లలో ఒకాయన చక్కెర పరీక్షకి వచ్చాడని తెలిసింది. మర్నాడు తాతని తీసుకెళ్లాను. పాప గుక్క తిప్పుకోకుండా ఏడుస్తోంది. అందరం కంగారు పడుతున్నాం. తాత చెయ్యెత్తి, "ఉండండ్రా" అని, పాప నోటి దగ్గర చెవి పెట్టి విన్నాడు.

"ఆగి ఆగి మోగట్లేదు. ఒకే ఊపున మోగుతోంది" అన్నాడు. "ఇది ప్రమాదం కాదు. షిఫ్టు మొదలయ్యింది."

బారసాల ఇరవై ఒకటో రోజున మా ఇంట్లోనే చేశాం. వీధిలో పందిరి వేయించాను. విజయనగరం వైపు నుంచి అల్లుడి పెద్దలు ఆ పొద్దుటి బండికే దిగారు. ఉయ్యాలలో వేయడం అయింది. పేరు పిలవడం అయింది. తాత ఆ పేరు విన్నాడు, రెండుసార్లు తనే పిలిచాడు. అంతవరకూ నాకు ధైర్యం.

మొదటి బంతి వేస్తున్నారు. అల్లుడి పెదనాన్నగారి పక్కన తాతకి చోటు పెట్టాను. అప్పుడు నాకు నా పెళ్లి గుర్తొచ్చింది. మా తాత వరస ఎరగని వియ్యాలవారి పెద్దలు మళ్లీ అలకనుకుంటారేమో అనే భయం కొంత. కానీ నిజం చెప్పాలి, భయం కన్నా ఆనందం ఎక్కువ. ఆనందంలో ఉన్నవాడికి అందర్నీ తన ఇష్టం వచ్చినట్టు కూర్చోబెట్టాలని ఉంటుంది. తాతని పక్కకి పిలిచి చేతులు పట్టుకున్నాను.

"తాతా, నీకు దండమెడతాను. ఈ ఒక్క పూటకి అందరిలా తిను. ముందు పప్పూ నెయ్యీ. పెరుగు ఆఖర్న నాను నా సేత్తో ఏస్తాను. ఇంక నీకు సైరనేటి, బ్రేక్‌డౌనేటి? అన్నీ పట్టాల మీదే ఉన్నాయి కదా!"

తాత నా మొహంలోకి చూశాడు. "నీకు సంతోసమేనా?" అన్నాడు.

"సంతోసమేటి, గాల్లో ఉన్నాను!"

"అయితే ఠీక్ హై."

కాళ్లు కడుక్కొస్తానని లోపలికి వెళ్లి, కాస్సేపటికి పంచెతో చేతులు తుడుచుకుంటూ వచ్చి కూర్చున్నాడు. పప్పు వడ్డించారు. నెయ్యి వేశారు. మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్న తాత కళ్లు పెద్దవి చేశాడు.

"పప్పు ఏడిగా ఉంతే ఇలాగుంతాదేట్రా! ఇన్నాల్లూ ఎవలూ సెప్పలేదే నాకు!"

బంతంతా నవ్వింది. అరవై ఏళ్లకి పైగా చల్లారిన పప్పే తిన్న మనిషి! ఎదురుగా కూర్చున్న పక్కింటి బెంగాలీ దీదీ ఆశ్చర్యంగా, "దాదూ, ఆజ్ దొయ్ శేషే?" అంది, ఇవాళ పెరుగు ఆఖర్నా అని. "శేషే, దీదీ, శేషే" అని తాత నా వైపు వేలు చూపించాడు, వీడి హుకుం అన్నట్టు. పప్పు రెండోసారి అడిగి వేయించుకున్నాడు. వంకాయ కూర తిన్నాడు. పులుసులో ములక్కాడ నమిలాడు. నేను పొంగిపోతూ పెరుగు తేవడానికి లోపలికి వెళ్లాను.

మట్టి కుండలో పెరుగు. గరిట పట్టుకుని వస్తూ వస్తూ, "తాతా, విస్తరి ఖాళీ చెయ్యి, పెరుగొచ్చింది!" అని గుమ్మంలోంచే కేకేశాను. తాత తల అల్లుడి పెదనాన్నగారి భుజం మీద వాలి ఉంది. ఆ పెద్దాయన కదలకుండా కర్రలా కూర్చుని, నన్ను చూసి నోటి మీద వేలు పెట్టుకున్నాడు.

"పెద్దాయనకి కునుకు పట్టినట్టుంది. నెమ్మది" అన్నాడు గుసగుసగా.

తాత చెయ్యి ఇంకా విస్తరిలోనే ఉంది. వేళ్లు ముద్ద కలుపుతున్నట్టే ఉన్నాయి. నేను దగ్గరికి వెళ్లి, వంగి, గరిటెడు పెరుగు ఆ చేతి పక్కన వేశాను. అవును, వేశాను. వేసి, "తాతా" అన్నాను. తర్వాత ఏం జరిగిందో నాకు ముక్కలుగానే తెలుసు. వీధి చివర డాక్టరు వచ్చాడు. నాడి చూసి తల అడ్డంగా ఊపాడు. పక్కింటి దీదీ ఉయ్యాలతో సహా పాపని తన ఇంటికి తీసుకుపోయింది. నా చేతిలోంచి పెరుగు కుండ ఎవరు తీసుకున్నారో నాకు తెలియదు. చాలాసేపు పట్టుకునే ఉన్నానట.

ఇప్పుడు తెలిసింది కదా ముల్లేమిటో. అరవై ఏళ్లు ఒక్క పూట కూడా ముందు పెరుగు లేకుండా తినని మనిషి, నా మాట మీద, నా సంతోషం కోసం, ఆ ఒక్క పూట వరస మార్చాడు. ఆ ఒక్క పూటే ఆయన సైరను మోగింది. పెరుగు ముట్టకుండా లేచిపోయాడు. మా నాయనమ్మ పైనెక్కడో గిన్నె పట్టుకుని కూర్చుని ఉంటే, ఆయన ఆకలితో వెళ్లి ఆవిడ ముందు నిలబడ్డాడు. అలా పంపింది ఎవరు? నేను.

ఎవరికీ చెప్పలేదు. పెరుగు మాత్రం మానేశాను. ఎవరు వడ్డించబోయినా విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టేవాణ్ణి. పక్కింట్లోంచి పాప ఏడుపు వినిపిస్తే ఆనందం ఒక్కసారి గొంతుదాకా పొంగేది. ఆ వెంటనే ఆ విస్తరి కళ్లముందుకొచ్చేది. రెండూ ఒకే గొంతులో పట్టేవి కావు.

పదో రోజున ఊరి బయట పిండం పెట్టాం. ఆయనకి ఇష్టమైనవన్నీ వండారు. నేనే పట్టుబట్టి పెరుగన్నం అన్నిటికన్నా ముందు పెట్టించాను. చాలాసేపటికి కాకి వచ్చింది. పెరుగన్నం మీంచి గెంతి, పప్పన్నం ముట్టి ఎగిరిపోయింది. రెండోది వచ్చింది. అదీ అంతే. పెరుగు వైపు కన్నెత్తి చూడలేదు.

నేను అక్కడే కూలబడిపోయాను. అరవై ఏడేళ్లవాణ్ణి, చిన్నపిల్లాడిలా ఏడ్చాను.

"అలిగినాడే! ఈపాలి నిజంగానే అలిగినాడే! నాను పెరుగెట్టకుండా పంపించినాను!"

నా భార్య గబగబా వచ్చి పక్కన కూర్చుంది.

"ఏటయ్యా, ఏటంటన్నావు? పెరుగేటి?"

మొత్తం చెప్పాను. పది రోజులుగా మోస్తున్నదంతా కక్కేశాను. ఆవిడ నోరు తెరిచి వింది. విని, నెత్తి కొట్టుకుంది.

"ఓరి నీ మతి మండా! పది రోజులై పెరుగు ముట్టనిది అందుకా? మైల కోసమనుకున్నాను గదయ్యా!"

"మరేటి?"

"మావయ్య తినీసినారు. ఆ రోజు నువ్వు పందిట్లో ఊగిపోతన్నప్పుడు, కాల్లు కడుక్కొస్తానని లోపలికొచ్చినారు కాదా? తిన్నగా వంటింట్లోకొచ్చి, 'అమ్మా, మూడు ముద్దలు పెరుగన్నం కలిపీ' అన్నారు. కలిపినాను. నిలబడే తినీసినారు. 'మీ ఆయనకి సెప్పకు. ఆడు ఆనందంలో ఉన్నాడు, ఆనందంలో ఉన్నోడికి అడ్డం సెప్పకూడదు' అన్నారు. అందుకే సెప్పలేదు."

నేను ఆవిడ రెండు చేతులూ పట్టుకున్నాను.

"నిజంగా?"

"నీకు అబద్ధం సెప్పడానికి నాకేటొచ్చింది? ఇంకోటి కూడా అన్నారు. మూతి తుడుసుకుంతా, 'సైరను రాదని అంటన్నాడమ్మా నా కొడుకు. వొచ్చీదీ రానిదీ ఆడి సేతిలో ఉందేటి?' అని నవ్వినారు." ఆవిడ కొంగుతో కళ్లు తుడుచుకుని, ఆ పిండం వైపు చూసి, "తినీసిన పెరుగు మల్లీ ఎందుకు ముడతాడు?" అంది.

నాకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. నా మాట విన్నాడనుకున్నాను. విన్నట్టు నాకు కనబడ్డాడు, అంతే. లోపల తన తల్లికిచ్చిన మాటా నిలబెట్టుకున్నాడు, బయట నా సంతోషమూ నిలబెట్టాడు. మూడు ముద్దలతో. ఇంకెవరికి చేతనవుతుంది అది? పైగా అరవై ఏళ్ల తర్వాత మొదటిసారి వేడి పప్పు తిని పోయాడు. నేను చెప్పకపోతే ఆ రుచి మళ్లీ చూడకుండానే పోయేవాడు కదా! ఇది తల్చుకుంటే నాకిప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. మరుక్షణం, ఆ వాలిన తల గుర్తొస్తుంది.

పన్నెండో రోజున మళ్లీ అదే పందిట్లో బంతి వేశాం. అల్లుడి పెదనాన్నగారు కూడా అదే చోట కూర్చున్నాడు. సాలువా మేనల్లుడు ఆయన పక్కన కూర్చున్నాడు, ఎప్పుడూ నవ్వే మొహం ఆ రోజు నేలకేసి పెట్టుకుని. ఎదురుగా దీదీ. ఈసారి పాప దీదీ ఇంట్లో లేదు, మా వరండాలో ఉయ్యాలలో నిద్రపోతోంది. నేను పెరుగు కుండ తీసుకుని, పప్పు కన్నా ముందు, ఆ చివర నుంచి ఈ చివరకి వడ్డించుకుంటూ వెళ్లాను. ఎవరూ ఎందుకని అడగలేదు. ఆఖర్న నేనూ కూర్చుని నా విస్తరిలో వేసుకున్నాను.

మొదటి ముద్ద కలిపామో లేదో, వర్క్‌షాపు వైపు నుంచి సైరను లేచింది.

బంతిలో చేతులన్నీ విస్తళ్లకీ నోళ్లకీ మధ్య ఆగిపోయాయి. మేనల్లుడు తలెత్తాడు. దీదీ నా వైపు చూసింది.  ఆగి మళ్లీ మోగుతుందా అని అందరం విన్నాం. గుమ్మం పక్కన, వీధివైపు మొహం పెట్టుకుని, తాత లేసుల్లేని బూట్లు రెండూ అలాగే ఉన్నాయి.

సైరను ఆగలేదు. ఒకే ఊపున మోగింది.